ప్రత్యేక ఉపాధ్యాయులకు లైసెన్సు ఎందుకు?

మామూలు బీఈడీ చదివి, టెట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన దివ్యాంగ పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయులు కాలేరు. అందుకు వేరే చదువు ఉండాలి. ఆ చదువయ్యాక భారత పునరావాస మండలిలో, అంటే అందరూ ఆర్‌సీఐ అని పిలిచే సంస్థలో, పేరు నమోదు చేయించుకోవాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఈ నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లలకు నాలుగు అక్షరాలు నేర్పడానికి ఇంత కట్టడి దేనికి, ప్రేమా ఓర్పూ ఉంటే చాలదా అని అడిగేవారు చాలామందే ఉన్నారు. చాలదనే నా వాదన.

చూపులేని పిల్లవాడికి తెలుగు నేర్పడాన్నే తీసుకోండి. అచ్చు తెలుగులో వత్తు అక్షరం కింద పడుతుంది. ఆరు చుక్కల బ్రెయిలీలో కిందా పైనా అంటూ ఏమీ ఉండదు, అన్నీ ఒకే వరుసలో వస్తాయి. ‘అక్క’లోని ‘క్క’ రాయాలంటే ముందు పొల్లు గుర్తు పెట్టి, ఆ తర్వాత రెండు ‘క’లు రాయాలి. తెలుగులో ఎంత పండితులైనా ఈ పద్ధతి నేర్చుకోకపోతే ఆ పిల్లవాడి చేత ఒక్క వాక్యం చదివించలేరు. బుద్ధిమాంద్యం ఉన్న పాపకు చొక్కా తొడుక్కోవడం నేర్పడం మరో తీరు. ఆ పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టాలి, పాప ఏ అంచె దగ్గర ఆగిపోతోందో కనిపెట్టాలి, చెయ్యి పట్టి చేయించడం ఎప్పుడు తగ్గించాలో తెలియాలి. ఇందులో ఏదీ జాలితో వచ్చేది కాదు. అందుకే డిప్లొమాలోనూ బీఈడీలోనూ చూపు లోపం, వినికిడి లోపం, బుద్ధిమాంద్యం వంటి విభాగాలు వేర్వేరుగా ఉంటాయి. ఒక విభాగంలో శిక్షణ పొందినవారికి మరో విభాగం దానంతటదే రాదు.

దారి మరీ చిక్కైనది కాదు. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్, లేదా డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్. ఇలాంటి కోర్సులు నడిపే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ 1984 నుంచీ మేధో వైకల్యమున్న వారి కోసం పనిచేస్తోంది. ఎక్కడ చేరినా ఫీజు కట్టే ముందు ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే రెండేళ్లు చదివినా నమోదు దొరకదు. సర్కారు బడిలో ఉద్యోగానికైతే టెట్, డీఎస్సీ అదనం.

ఇక అభ్యంతరాలు. అసలే టీచర్లు కరువైన చోట లైసెన్సు కావాలని పట్టుబడితే పిల్లలు నేర్పేవారే లేకుండా మిగిలిపోరా అన్నది అందులో బలమైనది. ఆ కొరత నిజమే, కానీ దానికి కారణం లైసెన్సు ఒక్కటే అనలేం. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో చెప్పింది. 2025లో మళ్లీ జోక్యం చేసుకుని, రాష్ట్రాలు పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయాలని ఆదేశించాల్సి వచ్చింది. అర్హులు ఉన్నా రెగ్యులర్ పోస్టులు లేక దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌పీలుగా, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లుగా, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నెట్టుకొచ్చినవారు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నారు. తెలంగాణ 2024 డీఎస్సీలో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులను ప్రత్యేక విద్యకే కేటాయించింది. కొరత తీరేది ఇలా పోస్టులిస్తేనే. అర్హత తగ్గిస్తే కుర్చీ నిండుతుందేమో గానీ, దాని ముందు కూర్చున్న పిల్లకు బ్రెయిలీ రాదు.

మామూలు టీచర్లకే కొద్దిరోజుల శిక్షణ ఇస్తే సరిపోతుందన్నది ఇంకో మాట. ఆ శిక్షణ తప్పకుండా ఇవ్వాలి, ఎందుకంటే పిల్లవాడు రోజులో ఎక్కువసేపు గడిపేది వాళ్ల తరగతిలోనే. కానీ ఆ పిల్లవాడికి ఏం నేర్పాలో అంచనా వేసి, వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి, ఆ టీచరుకు వెన్నుదన్నుగా నిలిచే నిపుణులు ఒకరు ఉండాలి కదా. సర్టిఫికెట్ ఉన్నవాళ్లంతా బాగా చెబుతారా అంటే, చెప్పరు. నమోదును ఐదేళ్లకోసారి కొత్తగా శిక్షణ పొంది పునరుద్ధరించుకోవాలన్న నియమం ఉన్నది అందుకే. పైగా చట్టం గుర్తించే వైకల్యాలూ కాలంతో మారాయి. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది, ఆటిజం ఆ జాబితాలో లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఆటిజంతో పాటు చదవడం, రాయడం, లెక్కలకు సంబంధించిన అభ్యసన లోపాలనూ చేర్చింది. పాతికేళ్ల కిందటి చదువుతో ఈనాటి పిల్లలకు న్యాయం చేయడం కష్టం. ఆ పునశ్చరణ తరగతులు కొన్నిచోట్ల మొక్కుబడిగా సాగితే వాటిని గట్టిపరచమని అడగాలి గానీ, నియమాన్నే తీసేయమనకూడదు. తల్లిదండ్రులు కూడా బిడ్డను ఏ కేంద్రంలోనైనా చేర్చే ముందు అక్కడి టీచరు ఆర్‌సీఐ నమోదు సంఖ్య, ఆమె చదివిన విభాగం మొహమాటపడకుండా అడగవచ్చు. అది వాళ్ల హక్కు.