చేని గట్టు

చేని గట్టును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుటేమని మీరు నవ్వవచ్చును. బోరు వేయించుటకై తాకట్టునకు బోవునది మన మెడలోని గొలుసే గదా! కావున ఈ ముచ్చట మనదియే యని మా తలంపు.

మా మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు మెట్టసీమలు. ఎఱ్ఱనేల పలుచన, గుట్టల వాలు మెండు, ఏడాది పొడుగున పాఱు నది లేదు. వాన వచ్చెనా, రెండు గడియలలో కుండపోతగా గురిసి పైమట్టిని వంకలో గలుపును. అందుచేతనే పూర్వులు గొలుసుకట్టుగా చెరువులు కట్టిరి. పైచెరువు మరువ పాఱిన నీరు క్రిందిచెరువునకు జేరును. సప్తసంతానములలో తటాకము నొకటిగా నెంచిన జాతి మనది. కడపసీమయందలి పోరుమామిళ్ల చెరువుశాసనమున, 1369వ సంవత్సరముననే, చెరువునకు వలయు పండ్రెండు సాధనములును, తగని యాఱు దోషములును చెక్కబడియున్నవి. నేడు పెక్కు చెరువులు పూడినవి. టమాటకును మల్బరీకిని నీరు వేయి అడుగుల బోరులనుండి తోడవలసి వచ్చినది.

ప్రభుత్వము పూనుకొనలేదనుటకు వీలులేదు. హనుమంతరావుగారి సంఘము 1994లో చేసిన సూచనలను బట్టి 1995 నుండి వాటర్‌షెడ్ పనులు గ్రామస్థుల చేతికే యొప్పగింపబడెను. నాడు ఒక్కొక్కటి సుమారు 500 హెక్టారులుగా నుండెను. వ్యయములో నూటికి 5 మొదలు 10 వంతులు రైతు భరింపవలసియుండెను. 2000లో నీరు-మీరు, 2006 నుండి ఉపాధి హామీ వచ్చెను. కందకములు, ఱాతికట్టలు, ఊటకుంటలు ఊరూర వెలసినవి. మఱి రైతు మనఃపూర్వకముగా చేరెనా? కూలి యున్నంతకాలము చేరెను. అది తప్పని మేమనము. ఇంట గింజలు లేనివానికి రేపటి తేమకన్న నేటి కూలియే ముఖ్యము. కాని కూలి నిలిచిన పిదప గట్టు తెగినచో పూడ్చువాడు అరుదు.

ఏల యన్నచో మా యింటి కథయే చెప్పెదము. మావారు బడిపంతులు. మామగారి నాటి మూడెకరముల వేరుసెనగ చేనిని కౌలునకిచ్చితిమి. వాలునకడ్డముగా గట్టు వేయింతుమని పనివారు రాగా మేమే వలదంటిమి. నాలుగు సాళ్లు గట్టుక్రింద పోవునని మా లోభము. కౌలుదారు, “అమ్మా, వచ్చే యేడు ఈ చేను నాకే యిస్తారో లేదో, నేనెందుకు తవ్వేది?” అనెను. పైచేనివాడు తన గట్టువలన ఊరెడు నీరు క్రిందివాని బావికి బోవునుగాని తనకు రాదని యూరకుండెను. ముగ్గురమును మూడు న్యాయములు చెప్పుకొనుచుండగా, ఆ యేటి ఆశ్వయుజపు వాన చేనిని మోకాలిలోతు కోత కోసెను. మూడు న్యాయములలో ఒక్కటియు అబద్ధము కాదు; అదియే చిక్కు.

కూలి లేకయే జనులు కూడిన పని యొకటి కలదు. ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003లో ఏడు కరవు జిల్లాలలో మొదలయ్యెను; అందు చిత్తూరొకటి. రైతులు, వారిలో స్త్రీలును, వర్షమాపకమును చూచి, బోరులలో నీటిమట్టమును కొలిచి, పల్లెలో నీరెంత, వేయదలచిన పైరులు త్రాగునదెంత యని లెక్కగట్టిరి. ఫలానా పైరు వేయుమని యెవరును ఆజ్ఞాపింపలేదు. తన నీటిలెక్క తనకు దెలిసిన రైతు తానే యాలోచించుకొనెను. మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ విద్యాలయమువారు బోడినేలలలో నీటి నాపి చెట్లు పెంచగా, పక్షులు మరలివచ్చిన సంగతి మీలో పలువురెరుగుదురు.

మన పల్లెసభలు తఱచుగా ఆడువారు నీళ్లకో మేతకో పోయిన వేళనే జరుగును. పట్టా మగవాని పేర నుండునుగాన పిలుపును వానికే. గట్టు ఎచట తెగునో కలుపుదీయు నామెకు దెలిసినట్లు ఎవరికి దెలియును? గట్టుమీద కందియు, ఆముదమును, అనపయు వేసినచో పోయిన నాలుగు సాళ్లు పప్పుకుండలోనికి వచ్చునని మాకు జెప్పినదియు కౌలుదారు ఇల్లాలే.

గతవేసవిలో ఆతనికి మూడేండ్ల కౌలుకాగితము వ్రాసియిచ్చితిమి. గట్టు లేచినది. పైచేనివాడింకను ఒప్పలేదు. మొన్నటి వానకు మా గట్టువార నిలిచిన నీటిని చూచి ఆతని భార్య, “అక్కా, ఈ కొలత ఎవరు వేసినారు?” అని యడిగి, తన కొంగుతో గట్టు వెడల్పు కొలుచుకొని పోయినది.