పెళ్లి నీళ్లకు వేరే కుండ ఎందుకు?

సుమారు 2,500 ఏళ్ల కిందట గ్రీసులోని ఏథెన్స్‌లోనూ పెళ్లికి ముందు మంగళస్నానం ఉండేది. ఆ నీళ్లను కల్లిరోయి అనే ఊట నుంచి తెచ్చేవారు. అందుకోసమే చేసిన కుండ లూట్రోఫోరోస్: సన్నటి పొడవాటి మెడ, విచ్చుకున్న మూతి. దాని మీద పెళ్లి బొమ్మలే ఎక్కువ. వరుడు వధువు మణికట్టు పట్టుకుని నడిపిస్తుంటాడు, ఆడవాళ్లు కాగడాలు పట్టుకుని ఉంటారు.

ఈ కుండల మీద బొమ్మలు ఎర్రగా, చుట్టూ నల్లగా ఎలా వచ్చాయి? నిజానికి ఆ నలుపు రంగు కాదు, మట్టే! ఇనుము ఉన్న బంకమట్టిని నీళ్లలో కలిపి, మెత్తగా తేర్చి, బొమ్మల చోటు వదిలేసి పూసేవారు. ఆవంలో మొదట గాలి ఆడనిచ్చేవారు. తర్వాత గాలి ఆపి పొగ పట్టిస్తే కుండంతా నల్లబడేది. మళ్లీ గాలి వదిలితే పూత లేని మట్టి ఎర్రబడేది. పూత మాత్రం అప్పటికే గాజులా బిగుసుకుని గాలిని లోపలికి రానీయదు కాబట్టి నల్లగానే ఉండిపోయేది. ఆవం దగ్గర థర్మామీటరు కూడా లేని రోజుల్లో ఇదంతా!

పెళ్లయ్యాక ఈ కుండల్ని ఆక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలులో ఉన్న నింఫీ దేవత గుడికి సమర్పించేవారు. తవ్వకాల్లో అక్కడ కుప్పలుగా పెంకులు దొరికాయి. పెళ్లికాకుండానే చనిపోయిన వారి సమాధి మీదా ఇదే కుండ పెట్టేవారు. వాటిలో కొన్నిటికి అసలు అడుగే ఉండదు.