దిద్దుబాటుకు రెండవ సంతకము

శంషాబాదు విమానాశ్రయములో విమానములను మరమ్మతు చేయు శాలలున్నవి. రెక్కలలోని కదలు పలకలను నడపు యంత్రాంగము వంటి కీలక భాగములను బిగించినవాడే సరిచూచుకొనిన చాలదు. వేరొక అర్హుడు పరీక్షించి సంతకము చేయవలెను.

మూలము అందరికిని తెరచియుంచిన కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి కట్టుబాటే యున్నది. దిద్దుబాటును, అనగా ప్యాచ్‌ను, ఎవరైనను పంపవచ్చును. చదివి తప్పులు చూపవచ్చును. కాని దానిని మూలములో కలుపు హక్కు కొందరిదే. లైనక్స్ కెర్నెల్‌లో ఏ భాగమునకు ఎవరు బాధ్యులో ఒక పట్టికలో వ్రాసియుందురు.

హక్కు నెవరికిచ్చుట యనునదే చిక్కు. ఎక్స్‌జెడ్ అనునది దస్త్రములను కుదించు చిన్న ప్రోగ్రాము. లెక్కలేనన్ని సర్వరులలో నున్నది. దానిని ఏండ్ల తరబడి దాదాపు ఒక్కడే, అదియు జీతము లేకుండ, చూచుచుండెను. 2021లో ‘జియా టాన్’ అను పేరుతో ఒకరు వచ్చి, మంచి దిద్దుబాట్లు పంపి, నమ్మకము సంపాదించి, క్రమముగా కలుపు హక్కును, విడుదల హక్కును గూడ పొందిరి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగదారి యుండెను. దానిని తెరచు తునకను మూలములో గాక విడుదల మూటలోనే పెట్టుటచే, మూలమును చదివినవారికది కనబడలేదు.

సర్వరులోనికి ప్రవేశించుటకు అర సెకను అధికముగా పట్టుచుండుట గమనించి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు మార్చి 29న ఆ గుట్టు బయటపెట్టెను. ఎక్స్‌జెడ్‌ను పరీక్షించుట ఆయన పని కాదు. వేరొక ప్రోగ్రాము వేగమును కొలుచుచుండెను.