108 కొడితే స్టోర్ రూమ్‌లో మోగింది

నల్లగొండ గోడౌన్‌లో బస్తాల మీది నుంచి ఒకాయన జారి పడ్డాడు. ఆఫీసులో ఉన్న అకౌంటెంట్ సారు చేతికందిన టేబుల్ ఫోన్ ఎత్తి 108 కొట్టారు. అంబులెన్స్ వాళ్లకు పోలేదు. తాళం వేసిన స్టోర్ రూమ్‌లో ఫోన్ మోగింది. ఆ గది ఎక్స్‌టెన్షన్ నంబరే 108 మరి!

ఎవరో సెల్ తీసి మళ్లీ కొడితే బండి వచ్చింది. మడమ విరగడంతో సరిపోయింది. ఆ నంబర్లు అలా పెట్టింది నేను కాదు. కానీ చూసి కూడా వదిలేసింది నేనే.

నాది ఆఫీసుల్లో ఫోన్ సిస్టమ్‌లు పెట్టే పని. ఇది ఒక విత్తనాల కంపెనీ. హెడ్డాఫీసు నల్లగొండ, బ్రాంచి పాలమూరు. "వాట్సాప్ ఉండగా ఈ డబ్బా ఫోన్లెందుకన్నా?" అని మీరు అడగొచ్చు. సెల్ నంబర్ మనిషిది, ఎక్స్‌టెన్షన్ కుర్చీది. మనిషి మారినా కుర్చీ అక్కడే ఉంటుంది. పైగా రైతు నల్లగొండకు ఫోన్ చేస్తే, ఆ కాల్‌నే పాలమూరు వాళ్లకు కలపొచ్చు.

రెండు చోట్లా ఆస్టరిస్క్ ఉంది. మామూలు కంప్యూటర్‌ని టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 1999లో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. రెండు ఆఫీసుల ఇంటర్నెట్ మధ్య వీపీఎన్ వేసి, దాని మీద ట్రంక్ కలపడం ఒక పూట పని. చిక్కంతా నంబర్లతోనే. నల్లగొండలో 101 నుంచి 110, పాలమూరులోనూ 101 నుంచి 110. ఇక్కడ 101 కొడితే ఏ ఊరు మోగాలి?

దీనికి పాత ఎస్‌టీడీ కోడ్‌లే దారి చూపాయి. నల్లగొండది 08682, పాలమూరుది 08542. మధ్యలో ఉన్న 6, 5 తీసుకున్నా. పాలమూరు 101 కావాలంటే 5101, నల్లగొండ 101 కావాలంటే 6101. ముందున్న అంకె చూసి కాల్ ట్రంక్ ఎక్కుతుంది, ఆ అంకె తీసేశాక మిగిలిన 101 అవతల మోగుతుంది. బాగానే పనిచేసింది. భుజాలు ఎగరేసుకుంటూ ఇంటికి పోయా.

మర్నాడే ఫోన్. "ఏంది తమ్మీ ఇది? పాలమూరు మేనేజర్ మిస్డ్ కాల్ ఉందని తిరిగి కొడితే, నా పక్కనున్నాయనే ఎత్తుతుండు!"

నిజమే. పాలమూరు 103 నుంచి కాల్ వస్తే డిస్‌ప్లేలో వట్టి 103 అనే పడుతోంది. తిరిగి కొడితే నల్లగొండ 103 మోగుతోంది. వచ్చే కాల్ నంబర్‌కు ముందు 5 తగిలించి సరిచేశా. అంటే అతుకు మీద అతుకు. అప్పుడే అన్ని నంబర్లూ మార్చేయాల్సింది. అందరూ అలవాటుపడ్డారు, విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నారు అని ఊరుకున్నా. 101 అగ్నిమాపక కేంద్రానిది, 108 అంబులెన్సుది అని నాకు తెలియదా? తెలుసు. తట్టలేదు, అంతే.

గోడౌన్ సంగతి జరిగాక రెండు రోజులు కూర్చుని మొత్తం మార్చా. నల్లగొండకు 601 నుంచి, పాలమూరుకు 501 నుంచి. ఏ నంబరూ రెండో చోట లేదు. ముందు అంకె తగిలించే పనీ లేదు, తీసే పనీ లేదు. ఒకటితో మొదలయ్యే ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ ఉంచలేదు.

ఇంకోటి కూడా చూసుకోవాలి. 108, 112 కాల్స్ ఏ ఊళ్లో కొడితే ఆ ఊరి లైన్ మీదే బయటికి పోవాలి. పాలమూరులో కొట్టిన 108 ట్రంక్ ఎక్కి నల్లగొండ లైన్ నుంచి పోతే, అవతల కనిపించేది నల్లగొండ నంబరు. మాట్లాడే మనిషి కంగారులో ఊరు పేరు చెప్పకపోతే బండి ఎటు పోవాలి? అందుకే ట్రంక్ మీద వచ్చే కాల్స్‌కు ఎక్స్‌టెన్షన్లు తప్ప బయటి లైన్ అందకుండా మూసేశా. పోర్ట్ 5060ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకండి. మన లైన్ మీద విదేశాలకు కాల్స్ కొట్టుకునే దొంగలు ముందు తట్టే తలుపు అదే.

స్టోర్ రూమ్ ఇప్పుడు 608. అక్కడి పాత 108 స్టిక్కర్‌ని అకౌంటెంట్ సారు పీకి తన ఫోన్ మీద అంటించుకున్నారు. దాని కింద పెన్నుతో 'అంబులెన్స్' అని రాసుకున్నారు.