పంచదార చిలకలు, మస్కట్ గాలి

మా అమ్మ మస్కట్ వచ్చేటప్పుడు ఆవకాయ, కందిపొడి, సున్నుండలతో పాటు పాత చీర ముక్కలో చుట్టిన మూట ఒకటి తెచ్చింది. విప్పి చూస్తే టేకు చెక్క అచ్చులు, నాలుగు జతలు. పోయినేడాది అమ్మమ్మ పోయాక ఆవిడ సామాన్లలోంచి అమ్మ అడిగి తెచ్చుకున్నవి అవొక్కటే.

"అమ్మాయి శ్రీమంతానికి చిలకలు పోద్దాం రా" అంది.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. పంచదార చిలకలంటే పాకం కాచి, చెక్క అచ్చుల్లో పోసి తీసే తీపి బొమ్మలు. మా గోదావరి వైపు సారె అంటే కాజాలూ, లడ్లూ, మినపసున్నితో పాటు ఇవీ ఉండాలి. తినేది పిల్లలే. పెద్దవాళ్ళు లెక్కపెట్టుకుంటారు.

మా ఆవిడ వాళ్ళమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయింది, రాలేని పరిస్థితి. సారె పుట్టింటి నుంచి రావాలి. "వాళ్ళమ్మ రాలేదన్న లోటు పిల్లకి కనపడకూడదు" అన్నది అమ్మ పట్టుదల. రూవీలో మన సరుకులన్నీ దొరుకుతాయి, ఆఖరికి కరివేపాకు మొక్క కూడా. చిలకలు మాత్రం దొరకవు.

"నీకు చెయ్యడం వచ్చా అమ్మా?" అని అడిగాను.

"చిన్నప్పట్నించీ చూశాను కదరా!"

చూడ్డానికీ రావడానికీ మధ్య ఎంత దూరముందో ఆ వారంలోనే తెలిసింది. అచ్చులు ముందురోజు రాత్రే నీళ్ళలో నానెయ్యాలని అమ్మకి తెలుసు. లేకపోతే పాకం చెక్కకి అంటుకుపోతుంది. రెండు ముక్కలూ కలిపి తాడుతో ఎలా బిగించాలో తెలుసు. ఎప్పుడు విప్పితే ముక్కు విరగకుండా వస్తుందో తెలుసు. తెలియనిది ఒక్కటే, పాకం. "వేడి పాకం మీద పడితే తోలు ఊడొస్తుంది, అవతలికి పోండి" అని అమ్మమ్మ పిల్లలెవర్నీ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదట. ముందూ తెలుసు, వెనకా తెలుసు, మధ్యలోదే తెలీదు.

సరే, ఇంజనీర్ని కదా నేనున్నాగా అన్నాను. నా ధైర్యం మీరు చూడాల్సింది.

మొదటిసారి సెప్టెంబర్ చివర్లో ఒక శుక్రవారం. కిలో పంచదార, అది మునిగేదాకా నీళ్ళు. మరుగుతుంటే రెండు చెంచాల పాలు పోస్తే మడ్డి పైకి తేలింది, వడకట్టాం. ఇంతవరకూ అమ్మకి తెలిసిందే. ఆ తర్వాత నేను ఎక్కడో వీడియోలో చూసి, పాకం గట్టిపడకుండా ఉంటుందని అరచెక్క నిమ్మరసం పిండాను. అచ్చుల్లో పోశాం. పావుగంట, అరగంట, గంట. విప్పితే చిలక లేదు, జిగురు ఉంది. రాత్రంతా పళ్ళెంలో పెడితే పొద్దున్నకి ఇంకా చెమర్చింది.

రెండోసారి నిమ్మకాయ జోలికి పోలేదు. అడుగంటుతుందేమోనన్న భయంతో మరుగుతున్నంత సేపూ గరిటతో కలుపుతూనే ఉన్నాను. పొయ్యి మీదే పలుకులు కట్టేసి గిన్నెలో మళ్ళీ పంచదారే మిగిలింది. కాకపోతే ఇసకలా. అమ్మ ఏమీ అనలేదు. ఆ ఇసకతోనే రెండ్రోజులు టీ పెట్టింది.

అప్పుడు కూచుని చదివాను. ఆ చదువులోనే అమెరికా దక్షిణాది రాష్ట్రాల వాళ్ళ పాతకాలపు మిఠాయి ఒకటి కనపడింది. పేరు డివినిటీ. తెల్లసొన నురగ వచ్చేలా గిలక్కొట్టి, అందులో దాదాపు 127 డిగ్రీల దాకా కాచిన పాకాన్ని సన్నటి ధారగా పోస్తూ, మెరుపు పోయేదాకా కొట్టి, చెంచాతో తీసి ఆరబెడతారు. వాళ్ళ ఇళ్ళల్లో దాని గురించి ఒకటే హెచ్చరిక: వాన రోజు, ముసురు రోజు చెయ్యొద్దు, ఆరదు.

అది అమ్మకి చదివి వినిపించాను. కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆగింది.

"మా అమ్మ కూడా అనేదిరా. తూర్పు గాలి వేస్తుంటే చిలకలు పొయ్యకూడదు అని. వీధిలోకి వెళ్ళి గాలి ఎటునుంచి వస్తోందో చూసి మరీ పొయ్యి ముట్టించేది. ఏదో శకునం అనుకునేవాళ్ళం."

అమ్మమ్మ వాళ్ళది అమలాపురం దగ్గర పల్లెటూరు. అక్కడ తూర్పు గాలంటే సముద్రపు గాలి, తడిగాలి. శకునం కాదు, వాతావరణ శాఖ!

ఆ మాట దొరికాక మిగతాదంతా ఒక్కొక్కటే విడిపోయింది. పాకం మరిగేకొద్దీ నీరు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. అందుకే పాకం ఎంత వేడిగా ఉందో చూస్తే అందులో ఎంత పంచదార ఉందో చెప్పెయ్యొచ్చు. 115 డిగ్రీల దగ్గర నూటికి 85 పాళ్ళు పంచదారే. చల్లటి నీళ్ళలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కడుతుంది. 127 దగ్గర 92 పాళ్ళు, ఉండ గట్టిగా ఉంటుంది. చిలకలకి మెత్తటి ఉండ చాలు. నిమ్మరసం పంచదారని కొంత విడగొట్టేస్తుంది, ఇక అది పలుకు కట్టదు. కాజా పాకానికి అది వరం, చిలకకి శాపం. మరిగేటప్పుడు కలిపితే పెద్ద పలుకులు ముందే పుడతాయి. దింపాక రుద్దితే సన్నవి పుడతాయి. చిలక గట్టిపడ్డాక కూడా ఆ పలుకుల మధ్య కాస్త పాకం మిగిలే ఉంటుంది. గాలి పొడిగా ఉంటే అది ఆరుతుంది. తడిగా ఉంటే ఆరదు సరికదా, గాలిలో నీళ్ళు కూడా తాగుతుంది.

మా అల్ ఖువైర్ ఫ్లాట్ నుంచి సముద్రం దూరం కాదు. ఎడారి దేశమంటే పొడిగా ఉంటుందనుకుంటారు గానీ, మస్కట్‌లో ఆ రోజుల్లో సాయంత్రం కారు అద్దాల మీద నీళ్ళు కారతాయి. మేమేమో బాల్కనీ తలుపు బార్లా తీసి మరీ పాకం పోశాం.

మధ్యలో ఒకరోజు అమ్మకి నిజ్వా కోట చూపించడానికి వెళ్ళాం. అక్కడొక హల్వా అంగట్లో పెద్ద రాగి మూకుడు, అందులో పంచదార, పిండి, నెయ్యి, కుంకుమపువ్వు, గులాబీ నీళ్ళు. ఒమానీ హల్వా గంటల తరబడి కలిపితే గానీ కాదు. కలుపుతున్న పెద్దాయన్ని, అయిందని ఎలా తెలుస్తుందని హిందీలో అడిగాను. ఆయన గరిట ఎత్తి, జారుతున్నది నాకు చూపించి, "హాథ్ బతాతా హై" అన్నాడు. చెయ్యే చెప్తుందట. అమ్మకి హిందీ రాదు. అయినా ఆ గరిట వంకే చూస్తూ "మా అమ్మా ఇలాగే ఎత్తేది" అంది.

మూడోసారి. తలుపులన్నీ మూసి, పొద్దున్నించే ఏసీ వేసి ఉంచాం. కొన్న మీటరులో గాలిలో తేమ బయట 78 శాతం, హాల్లో 46. పాకం కిలో కాకుండా పావుకిలో చొప్పున. ఎక్కువైతే పోసేలోపే గిన్నెలో గడ్డకడుతుంది. గిన్నె అంచులకి అంటిన పలుకుల్ని తడిగుడ్డతో తుడిచాను, గరిట పెట్టలేదు. 115 దాటగానే దింపాను.

"ఇప్పుడు రుద్దాలి" అంది అమ్మ, గరిట నా చేతిలోంచి తీసుకుని. పక్కకి ఒత్తి రుద్దుతోంది. నీళ్ళలా ఉన్న పాకం మసకబారింది, పాలలా అయింది. ఎవరూ చెప్పకుండానే అమ్మ ఠక్కున ఆపి "పొయ్యి, పొయ్యి!" అని అరిచింది. మీటరు అప్పటికే పక్కన పడి ఉంది. ఆ క్షణం అందులో కనపడదు.

పది నిమిషాలయ్యాక తాడు విప్పాం. తెల్లటి చిలక, రెక్కల మీద గీతలతో సహా. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఒక్కసారైనా దగ్గర నించోనిచ్చి ఉంటే..." అని, మాట పూర్తి చెయ్యకుండా రెండో అచ్చు బిగించడంలో పడింది.

శ్రీమంతానికి ఇరవై ఒక్క చిలకలు. వీడియో కాల్‌లో మా అత్తగారికి పళ్ళెం చూపిస్తే ఆవిడ ముందు లెక్కపెట్టారు, తర్వాత ఏడ్చారు. ఎదురింటి ఒమానీ ఆవిడ హల్వా తెచ్చి, వెళ్తూ రెండు చిలకల్ని పిల్లలకని పట్టుకెళ్ళింది.

వీసా గడువు అయిపోయి అమ్మ వెళ్ళిపోయింది. అచ్చులు ఇక్కడే వదిలేసింది. మేం తిన్న దెబ్బలన్నీ పైన ఉన్నాయి, మీరు మళ్ళీ తినక్కర్లేదు. కానీ ఎప్పుడు రుద్దడం ఆపాలో మాత్రం నేను రాయలేను. అది అమ్మ చేతిలో ఉంది. అమ్మకి తెలియకుండానే అమ్మమ్మ దగ్గర్నించి వచ్చి ఉంటుంది.

మీ ఇంట్లో చేసేవాళ్ళెవరైనా ఉంటే, అవతలికి పొమ్మన్నా పోకండి. కొంచెం దూరంగా, పొయ్యి కనపడేంత దగ్గరగా నించోండి.