అస్థిపంజరాల తీరంలో ఒక పగలు

ఎడారి అనగానే మన సినిమావాళ్లకి గుర్తొచ్చేది డ్యూయెట్టే! 2008లో వచ్చిన హిందీ ‘గజిని’లో ఆమిర్‌ఖాన్, అసిన్ ఇసుక దిబ్బల మధ్య పాడుకున్న పాట గుర్తుందా? ఆ ఇసుక ఆఫ్రికాలోని నమీబియా దేశానిది. ఆ ఎడారి పేరు నమీబ్. అదే ఎడారి ఉత్తరంగా సాగి అట్లాంటిక్ సముద్రాన్ని ఒరుసుకునే చోట మాత్రం ఎవరికీ పాట తియ్యబుద్ధి కాదు. పేరే స్కెలిటన్ కోస్ట్. అంటే అస్థిపంజరాల తీరం!

1971 నుంచి ఇది నేషనల్ పార్కు. ఒక్క పగట్లో చూసి రావాలంటే స్వకోప్‌మండ్ పట్నంలో తెల్లారకముందే బండెక్కాలి. మేమూ అలాగే ఎక్కాం. ఉప్పు కలిపి గట్టిచేసిన రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు పోతే ఉగాబ్ నది గేటు. తలుపుల మీద ఇంతేసి పుర్రెలు, ఎముకల బొమ్మలు... అచ్చం మన జానపద చిత్రాల్లో మాంత్రికుడి గుహే! పగటి పర్మిట్ మీద వెళ్లేవాళ్లు మధ్యాహ్నం 3 లోపల లోనికి పోవాలి. రాత్రి మకాం మాటే లేదు.

ఎండ ఉంటుందనుకుంటే పొరపాటే. అంతా పొగమంచు. తీరం వెంట బెంగ్వేలా అనే చల్లని ప్రవాహం పోతుంది, దాని మీదికి వచ్చిన గాలి మంచుగా మారుతుంది. వాన చుక్క కరువైన ఈ ఎడారిలో కొన్ని నల్ల పురుగులు తలకిందులుగా నిలబడి, వీపు మీద చేరిన మంచు బొట్లు నోట్లోకి జారితే తాగుతాయట!

పురుగుకి ప్రాణం పోసే ఆ మంచే ఓడల పాలిటి యముడు. 1976లో ఒడ్డుకెక్కిన ‘సౌత్ వెస్ట్ సీల్’ తుప్పు ముక్కలు దారి పక్కనే కనిపిస్తాయి. అసలు కథ మాత్రం ఇంకా పైన, పగటి పర్మిట్ పోనివ్వని ఉత్తరాన జరిగింది.

1942 నవంబరు 29 రాత్రి. ‘డనెడిన్ స్టార్’ అనే బ్రిటిష్ ఓడ, అందులో 106 మంది. చంటిపిల్లలతో సహా 63 మంది ఒడ్డు చేరేసరికి మోటారు పడవ పాడైంది. ముందు సముద్రం, వెనక ఎడారి! సాయానికొచ్చిన విమానం ఇసుకలో కూరుకుపోయింది. సాయానికొచ్చిన టగ్గు ‘సర్ చార్లెస్ ఎలియట్’ తనే ఒడ్డుకి కొట్టుకుంది. లారీల్లో బయల్దేరిన వాళ్లు ఇసుకతో కుస్తీ పట్టారు. ఆ విమానాన్ని జనవరిలో బాగుచేసి లేపితే వెళ్లి సముద్రంలో పడింది! సీనేరియోలో ఇలా రాస్తే ‘మరీ అతిగా ఉందండీ’ అంటాడు ప్రొడ్యూసర్. చిత్రమేమంటే, ఓడలోని వాళ్లంతా బతికారు. పోయింది కాపాడబోయిన టగ్గు సిబ్బందిలో ఇద్దరు... ఆంగస్ మకింటైర్, మథియాస్ కొరాసెబ్. ఈ ప్రమాదం మీద 1944లో జాన్ మార్ష్ రాసిన పుస్తకంతోనే తీరానికి ఈ పేరు స్థిరపడింది.

అన్నట్టు, ఇక్కడి గులకరాళ్ల నేల మీద చక్రం జాడ పడితే దశాబ్దాలు చెరగదు. నేలని పట్టుకుని బతికే లైకెన్ నలిగిందా, మళ్లీ పెరగడం మహా కష్టం. దక్షిణాన ఆనుకునే ఉన్న దోరోబ్ పార్కులో 2012లో ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ తీశారు. ఆస్ట్రేలియాలో అనుకున్న లొకేషన్ వానలకి పూలతో నిండిపోయిందని ఇక్కడికొచ్చారు! యూనిట్ బళ్లు నేలని పాడుచేశాయని శాస్త్రజ్ఞులన్నారు, అదేం లేదంది అక్కడి ఫిలిం కమిషన్. మా డ్రైవరు మాత్రం ఒక్క ఫోటో కోసం ఎంత బతిమాలినా చక్రం రోడ్డు దింపలేదు.