మొరాయించు ఇంజను

కళ్యాణదుర్గము ప్రాంతపు రైతు చూపు ఎల్లప్పుడును ఆకాశముమీదనే యుండును. అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును వేళకు రాదు. వేరుసెనగ ఊడలు దిగు తరుణమున రెండు మూడు వారములు చినుకు పడనిచో, సేద్యపు కుంటలో నిలిచిన కొద్దిపాటి నీటితో ఒక్క తడి యిచ్చి పంటను దక్కించుకొనవలెను. సరిగా ఆనాడే కొట్టములోని పాత ఇంజను మొండి ఎద్దువలె మొరాయించును. తాడు లాగి లాగి భుజము నొచ్చునే కాని అది పలుకదు.

పెట్రోలుతో కదలి కిరసనాయిలుతో నడచు చిన్న నీటి ఇంజనును గూర్చి ముచ్చటింతము. విద్యుత్తు మోటార్లు వ్యాపించిన పిమ్మట దీని వాడుక తగ్గినది. అయినను కరెంటు తీగ చేరని కుంటగట్టున దీనికి పని గలదు. సముద్రతీరమున బెస్తవారు పడవ వెనుక తగిలించు కిరసనాయిలు మోటారు స్వభావమును ఇట్టిదే. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఒక్కటి: ఇంజను మరల కదలకపోవుటకు కారణము తరచుగా దానిని ఆపిన తీరులోనే యుండును.

పెట్రోలు చల్లని ఇంజనులో సైతము సులభముగా ఆవిరియగును. కిరసనాయిలు అట్లు కాదు. సిలిండరు బాగుగా వేడెక్కిన తరువాతనే అది చక్కగా ఆవిరియై మండును. కిరసనాయిలుమీద నడచుచున్న ఇంజనును అట్లే ఆపినచో, కార్బురేటరు గిన్నెలో కిరసనాయిలే మిగులును. మరునాటి ఉదయము చల్లబడిన ఇంజనులోనికి అదియే పోయి ప్లగ్గును తడిపివేయును. ఇక ఎన్నిమారులు తాడు లాగినను ప్రయోజనము లేదు. కావున ఆపుటకు కొన్ని నిమిషములు ముందే కిరసనాయిలు కుళాయి మూసి, పెట్రోలు కుళాయి తెరచి, గిన్నెలో పెట్రోలు చేరువరకు నడపి, పిమ్మట ఆపవలెను.

ఈ జాగ్రత్త మరచిననాడు ఏమి చేయవలెను? కార్బురేటరు గిన్నెలోని నూనెను తీసివేసి పెట్రోలు నింపవలెను. ప్లగ్గు ఊడదీసి తుడిచి ఆరబెట్టవలెను. ప్లగ్గు లేకుండ తాడు నాలుగైదుమారులు లాగినచో సిలిండరులోని తడి బయటికి పోవును. అప్పుడు చిందిన నూనెనంతయు తుడిచి, ప్లగ్గును దాని తీగకు తగిలించి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా ఇంజను ఇనుముపై ఆనించి తాడు లాగి చూడవలెను. నీలికాంతితో గట్టి రవ్వ కనబడినచో దోషము రవ్వలో లేదనుకొనవచ్చును. రవ్వ బలహీనముగా నున్నచో ప్లగ్గు మసిని, పాయింట్ల మురికిని శుభ్రము చేయవలెను.

ఇంజను కొంతసేపు నడచి ఆగిపోవుచున్నదా? ముందుగా ట్యాంకు మూత వదులు చేసి చూడుడు. మన ఎఱ్ఱదుమ్ము మూతలోని సన్నని గాలిరంధ్రమును పూడ్చివేసినచో నూనె క్రిందికి దిగదు. మూత వదులు చేసినను కదలక, పూర్తిగా చల్లారిన తరువాతనే కదలుచున్నచో కాయిల్‌ను, కండెన్సరును అనుమానింపవలెను. ఇవి పాతబడినచో వేడికి బలము తప్పును. వేడిగా నున్న ఇంజనుకు చోకు మూయరాదు. మూసినచో ప్లగ్గు తడిసిపోవును. తాడు లాగునపుడు చేతికి ఎదురుబిగువే తగులనిచో వాల్వులో, రింగులో అరిగియుండును. అది మెకానిక్కుకు అప్పగింపవలసిన పని.

మరియొక సంగతి. మండని కిరసనాయిలు రింగుల సందున దిగి అడుగునున్న ఇంజను ఆయిల్‌ను పలుచన చేయును. ఆయిల్ మట్టము తగ్గుటకు బదులు పెరిగినచో సంతోషింపరాదు, వెంటనే మార్చవలెను. వేడిగా నున్న ఇంజనులో పెట్రోలు పోయరాదు. తాటిని చేతికి చుట్టుకొని లాగరాదు. ఇంజను వెనుకకు తన్నినచో చేయి విరుగును.

ఏరువాకకు ముందే రైతు నాగలి కర్రు చూచుకొనును. ఆనాడే ఇంజనునుకూడ ఒకమారు నడపి, పెట్రోలుమీదికి మార్చి ఆపి యుంచినచో, వాన ముఖము చాటేసిన దినమున కుంటలోని నీరు వేళకు చేనికి చేరును.